వదులు చోట బొట్టు

1979 ఫిబ్రవరి 4, ఆదివారం

కైలాసం సేట్ కొత్త సంవత్సరానికి పంచిన డైరీ ఇది. నెల రోజులుగా దుకాణంలో పానాల డబ్బా కింద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి తీశాను. మనిషితో చెప్పుకుంటే లోకువ. రాసుకుంటే ఎవడు చూడొచ్చాడు.

పొద్దున నా బామ్మర్ది, సక్కుబాయి తమ్ముడు భిక్షపతి దుకాణానికి వచ్చాడు. నేను పంక్చర్ వేస్తూ తల ఎత్తలేదు.

"బావా, శివరాత్రికి మైదానంల ఏడు దినాలు సైకిల్ తొక్కుత. కమిటోల్లు ఒప్పుకున్నరు."

"దిగకుంటనా? నీతోనైతదారా?"

"నీతోనైంది గద."

అయింది. పదేళ్ల కింద ఇదే ధూల్‌పేట్ మైదానంలో ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద కాలు పెట్టకుండా తొక్కాను. తిండి సైకిల్ మీదే, స్నానం సైకిల్ మీదే, కునుకు హ్యాండిల్ మీద. దిగిన రోజు పూలదండలు మోయలేకపోయాను. మర్నాటి నుంచి మోకాలు వంగలేదు. పదేళ్లయినా కుంటుతూనే ఉన్నాను. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఆ మైదానం పక్కనుంచే రోజూ పోతాను, ఒక్కడు పలకరించడు.

వీడు ఏడు రోజులు నిండిస్తే సర్కారీ ఫ్యాక్టరీలో ఖలాసీ కొలువు ఇప్పిస్తానని కమిటీ పెద్ద సేట్ మాట ఇచ్చాడట. నాకు దండలతో సరిపెట్టారు. మంచిదే. పోనీ, నాకేం.

నా ఐదు గేర్ల సైకిల్ అడిగాడు. జుమ్మెరాత్ బజార్లో కొని, నా చేతులతో ప్రాణం పోసిన బండి. సక్కును కూడా తాకనివ్వను. ఇస్తానన్నాను. ఎందుకన్నానో.

ఇంట్లో చెబితే సక్కు చేట కింద పెట్టి, "ఒక్క మోకాలు సాలదా ఈ ఇంటికి?" అంది. ఆడవాళ్ళకు పేరంటే ఏమిటో తెలియదు.

ఫిబ్రవరి 7

సేట్ పిలిపించాడు. పప్పుల బస్తాల మీద కూర్చుని నాకు సైకిల్ గురించి పాఠం చెప్పాడు.

"గేర్ల బండైతె దానంతటదే పోతదంటరు వైకుంఠం. జనం దగా అంటరు. గేర్లు తీసెయ్. ఒక్కటే ఉంచు."

గేర్లుంటే సైకిల్ దానంతటదే పోతుందట! అలాగైతే ఊళ్ళో ఎద్దులన్నిటికీ గేర్లు పెట్టించవచ్చు. నోటిదాకా వచ్చింది, మింగాను. మైకులో నా పేరు చెప్పేది ఆయనే.

"మైకుల నీ పేరు చెప్తం, ఉస్తాద్ అని. ఖుషీనా?" అన్నాడు, నా మనసు చదివినట్టు.

ఖుషీ ఏమిటి, నాకేం అవసరం.

ఫిబ్రవరి 10

దుకాణం మూసి బండిని వాకిట్లో తలకిందులుగా నిలబెట్టాను. గేరు తీగ తెంచాను. వెనక ఉన్న ఐదు పళ్ళ బిళ్ళలూ ఊడదీసి ఒంటి బిళ్ళ ఫ్రీవీల్ ఎక్కించాను. లింకులు తీసి చైను పొట్టి చేశాను. అసలు పని ఆ తర్వాత. గేర్లున్నన్నాళ్ళు చైను వదులైతే కింద స్ప్రింగు చెయ్యి లాగి పట్టుకునేది. అది పోయాక వెనక చక్రాన్ని గాడిలో ముందుకో వెనక్కో జరిపి మనమే బిగువు కుదర్చాలి. ఎక్కువ లాగితే తొక్కేవాడి మోకాళ్ళు పోతాయి. తక్కువ లాగితే చైను పోతుంది.

ఇంకెవరూ లేక సక్కును పిలిచాను. ఆమె చేత్తో పెడలు తిప్పుతుంటే నేను బొటనవేలితో చైను నొక్కి చూశాను.

"ఇగ ఈడ గట్టిగైంది," అంది. ఇంకొంచెం తిప్పి, "ఈడ ఊగుతున్నది. గిదేంది, చైను ఒక్కటే గద?"

"ముందు పళ్ళ చక్రం నిండు గుండ్రం కాదే. ఏదీ కాదు. గట్టి చోట అరవేలు ఊగాలె, వదులు చోట వేలు. అంతకు మించితె పడతది. పడేది ఎప్పుడైనా వదులు చోటనే."

"గట్టి చోట సూసినోనికి మంచిగనే కనపడ్తది. నీ తీరు."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. రెండు నట్లూ సమంగా జరపాలని, లేకపోతే చక్రం వంకరపోయి ఫ్రేముకు రాసుకుంటుందని చెప్పాను. ఒక నట్టు తానే బిగించింది.

"ఏందే, మిస్త్రీవైతవా?"

"ఎందుక్కాను? పదేండ్ల సంది నీ మోకాలికి మిస్త్రీనే గద."

వదులు చోట గుర్తు పెట్టుకోవాలి. రంగు డబ్బా చూస్తే ఎండిపోయింది. సక్కు లోపలికి పోయి కుంకుమ తెచ్చి, నేను చూపించిన పన్ను పక్కన బొట్టు పెట్టింది. పూజకు పూజ, గుర్తుకు గుర్తు. "నూనెకు రోజూ చెరిగిపోతది. పొద్దున్నే నువ్వే మళ్ళ పెట్టాలె, ఈ పన్ను పక్కనే," అన్నాను. సరేనంది.

ఇక రోజూ చక్రమంతా తిప్పి చూడనక్కర్లేదు. బొట్టు చోట వేలు మందం ఉంటే చాలు. మంచి ఉపాయం. నాదే.

ఫిబ్రవరి 11

మళ్ళీ చూశాను. సరిగ్గా ఉంది. సైకిల్ మాత్రం బోసిగా ఉంది, పళ్ళూడిన ముసలిదానిలా.

ఫిబ్రవరి 18

పొద్దున మొదలైంది. డప్పులు, కొబ్బరికాయలు, మైకు. భిక్షపతికి కొత్త బనియను, మెడలో నిమ్మకాయల దండ. సేట్ మైకులో వాడి పేరు చెప్పాడు, వాడి తండ్రి పేరు చెప్పాడు, కమిటీలో ప్రతివాడి పేరూ చెప్పాడు. చివర్లో "సైకిల్ వైకుంఠంది" అన్నాడు. అంతే. ఉస్తాద్ అనలేదు. సైకిల్ గొప్పదట, దాన్ని చేసినవాడు ఎవడో!

రోజూ పొద్దున ఒకసారి బండి మార్పిడి ఉంటుంది. మామూలు సైకిల్ పక్కన తెచ్చి ఆనిస్తే, ఇద్దరు చంకల కింద పట్టుకుంటారు. వాడు నేల తాకకుండా దాని మీదికి మారతాడు. వాడు దాని మీద నాలుగు చుట్లు తిరిగేలోపు నేను నా బండికి గాలి, నూనె, చైను చూడాలి. సక్కు బొట్టు పెట్టాలి. మళ్ళీ వాడు నా బండి మీదికి వచ్చేస్తాడు.

ఫిబ్రవరి 20

జనమే జనం. నయాపూల్ అవతలి నుంచి కూడా వస్తున్నారు. కుర్రవెధవ ఒకడు నన్ను పక్కకు నెట్టి, "జర జరుగు చాచా, భిక్షపతి కనపడ్తలేడు" అన్నాడు.

ఈ మైదానం నాదిరా! ఇక్కడి మట్టి నా చక్రం కింద నలిగింది! అనలేదు. జరిగాను.

వాడు తొక్కేది కూడా ఏమంత బాగుండదు. భుజాలు ఊపుతాడు. నేను ఊపేవాణ్ణి కాదు.

ఫిబ్రవరి 21

మధ్యాహ్నం గుడ్డ అడ్డం పట్టి డబ్బా పెడితే భిక్షపతి పోసింది చాయ్ రంగులో ఉంది. డబ్బా పట్టింది సక్కు. నా దగ్గరికి తెచ్చి చూపించింది.

"ఎండ. నీళ్ళు తక్కువ తాగుతుండు," అన్నాను.

"ఎండకు నెత్తురు పడ్తదా?"

"నాకూ పడ్డది. సచ్చిన్నా?"

నన్ను చూసింది. డబ్బా తీసుకుపోయింది.

ఫిబ్రవరి 22

చేయాల్సిన లొల్లి చేసేసింది సక్కు.

వాడి కాళ్ళు మోకాళ్ళ దాకా వాచాయి. పిలిస్తే రెండోసారికి పలుకుతున్నాడు. సక్కు చక్రం వెంట నడుస్తూ "దిగు తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత" అని బతిమాలింది. "ఇంక మూడు దినాలే అక్కా, కొలువు పోతది" అన్నాడు వాడు. సేట్ దగ్గరికి పోతే "ఇప్పుడు దింపితె బస్తీ ఇజ్జత్ పోతదమ్మా" అన్నాడు. ఆఖరికి నా మీద పడింది.

"నువ్వు చెప్తె ఆడు దిగుతడు. నీ మాటే ఇంటడు."

"మధ్యల దింపితె నా పేరేం గావాలె?"

"నీ పేరా!" అంది.

వాడి పేరు అనబోయాను. నోరు జారింది. ఎవరికైనా జారుతుంది. దాన్ని పట్టుకుని, "నీ పేరు ఎవడు అడుగుతుండయ్యా? పదేండ్లాయె, ఎవడన్న అడిగిండా?" అని మైదానంలో అందరి ముందూ అరిచింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆమె మాటకన్నా పక్కన నిలబడి విన్న బజ్జీల బండివాడి నవ్వు నన్ను కోసేసింది. చెయ్యి లేచింది. దించుకున్నాను.

వాడు తొక్కగలడు. నేను తొక్కలేదా?

ఫిబ్రవరి 23

పడ్డాడు.

అదే రోజు, సాయంత్రం

చైను పడింది. బండి మార్పిడి అయి గంట కాలేదు. మలుపులో పెడలు ఒక్కసారి ఖాళీగా తిరిగింది, వాడు పక్కకు ఒరిగాడు, కాలు నేల మీద పడింది. ఆ కాలి మీద నిలబడలేక కూలిపోయాడు. తర్వాత ఎవడో "చైను ఊసిపోయింది" అన్నాడు. అందరి తలలూ నావైపు తిరిగాయి.

నేను చూశాను. పొద్దున చూశాను. బొట్టు పైకి తెచ్చి బొటనవేలితో నొక్కాను. వేలు మందమే ఊగింది. దేవుడి మీద ఒట్టు. మధ్యలో ఒక్క నిమిషం ఫొటో దింపుతామని సేట్ పిలిస్తే పోయాను. మెడలో దండ కూడా వేశారు. వచ్చాక చూశాను. చూడకుండా ఇవ్వలేదు.

వాణ్ణి దవాఖానకు తీసుకుపోయారు. సక్కు వెంట పోయింది.

ఫిబ్రవరి 24

దవాఖానకు పోయాను. సక్కు మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. భిక్షపతి నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"చైను నేను సక్కగనే పెట్టినరా," అన్నాను.

"నోటికాడి కూడు తన్నేసినవ్ బావా. నేను నీకు సరిసమానం అయిత అని కుళ్ళినవ్. నీ కండ్లల్ల చూసిన నేను, నాలుగు దినాల సంది."

"అరే, నేనా?"

"పో. మళ్ళ రాకు."

సక్కు తొన మీద పీచు తీసి తమ్ముడి నోట్లో పెట్టింది. నావైపు చూడలేదు. నా భార్య నా తరఫున ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, అనలేదు.

డాక్టరు చెప్పింది ఆమే చెప్పింది, బయట వరండాలో. ఇంకో రోజు తొక్కితే మూత్రపిండాలు పాడైపోయేవట. ఇప్పుడైతే నెలలో లేచి తిరుగుతాడట. "మంచిగైంది" అంది. ఏది మంచిగైందో చెప్పలేదు.

నేను కుళ్ళానా? వాడు ఓడిపోవాలని ఎన్నడూ అనుకోలేదు. భుజాలు ఊపుతాడని అనుకున్నాను, అంతే.

ఫిబ్రవరి 25, శివరాత్రి

ఉపవాసం లేదు, జాగారం లేదు. మైదానం నుంచి బండిని నడిపించుకుంటూ తెచ్చాను. దారిలో ఇద్దరు ఉమ్మారు. ఉమ్మింది నన్ను చూసో, మామూలుగానో.

వాకిట్లో తలకిందులుగా నిలబెట్టాను. పడిన చైను మళ్ళీ ఎక్కించి పెడలు తిప్పాను. ఒకచోట వేలు మందం, ఇంకోచోట రెండు వేళ్ళు! నేను పెట్టిన బిగువు కాదిది. వెనక చక్రం గాడిలో ముందుకు జరిగి ఉంది. నట్లు వదులై జరిగితే తొక్కే బలానికి చైను వైపే ముందుకు పోతుంది, చక్రం వంకరపోతుంది. ఇది రెండు వైపులా సమంగా జరిగింది. దారం పట్టి చూసినట్టు తిన్నగా ఉంది. నట్లు గట్టిగా ఉన్నాయి. చైను తనంతట వదులు కాలేదు. ఎవడో పానా పెట్టి విప్పి, జరిపి, చక్రం సరిచూసి మళ్ళీ బిగించాడు.

సంతోషంతో ఒళ్ళు పులకరించింది. నా తప్పు కాదు! ఎవడో దొంగ నాకొడుకు చేశాడు. సేట్‌ను పిలిచి చూపిద్దామని చెప్పుల్లో కాళ్ళు పెట్టాను కూడా. వదులు చోట బొట్టు చూపిస్తే ఆయనకు అర్థమవుతుంది కదా అని బొట్టు కోసం తిప్పాను.

బొట్టు వేలు మందం ఊగే చోట ఉంది. గట్టి చోట.

ఎదురుగా, రెండు వేళ్ళు ఊగే చోట, పన్ను పక్కన నూనెలో కలిసిపోయిన ఎర్ర మరక ఉంది. గుడ్డతో తుడిచినా పూర్తిగా పోలేదు.

చెప్పులు విడిచి లోపలికి వచ్చాను.

ఫిబ్రవరి 26

అడిగాను. ఆమె బట్టలు పిండుతోంది. ఆపలేదు.

"బొట్టు ఎందుకు మార్చినవే?"

"నువ్వు బొట్టే సూస్తవు గనక."

ఇంత తేలిగ్గా చెబుతుందని అనుకోలేదు. ఏడుస్తుందనుకున్నాను, కాళ్ళ మీద పడుతుందనుకున్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు దండ ఏసుకొని ఫొటో దిగంగ. పానా ఆడనే పడేసి పోతివి. రెండు నట్లు, సమంగ. నువ్వు నేర్పినట్టే."

"ఆని కొలువు పోగొట్టినవ్. నా మొకాన పేడ కొట్టించినవ్."

అప్పుడు ఆపింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని నా ముందుకు వచ్చింది.

"నిన్ను బతిమాలిన. సేట్‌ను బతిమాలిన. ఆన్ని బతిమాలిన. ఎవ్వరన్న ఇన్నరా? పడితె తోలు లేస్తదనుకున్న. పానం పోదు గద. పదేండ్ల సంది నీ మోకాలికి నూనె రాస్తున్న. నువ్వు మూలుగుతవు, నేను రాస్త. ఏనాడన్న ఆ దండలోల్లు వచ్చి రాసిన్రా? నా తమ్మునికి పెండ్లాం గూడ లేదు రాయనీకి."

"పోయి చెప్త. నీ తమ్మునికి ఇప్పుడే పోయి చెప్త. ఎవరు చేసిన్రో తెలువాలె."

"చెప్పు. నన్ను తిట్టుకుంట బతుకుతడు. బతుకుతడు గద!" అంది. తర్వాత నెమ్మదిగా, "నువ్వు చెప్పవు. ఉస్తాద్ అయ్యుండి చక్రం తిప్పి సూడలే, బొట్టు సూసి మోసపోయిన అని నీ నోటితోని నువ్వు చెప్పుకోవాలె. నువ్వు సస్తె చెప్పవు."

బకెట్ తన్నేశాను. నీళ్ళు వాకిలంతా పారాయి. ఆమె మళ్ళీ నింపుకుని బట్టలు పిండింది.

ఫిబ్రవరి 27

చెబుతాను. రేపే పోయి చెబుతాను.

మార్చి 4

దవాఖానకు పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ పోయాను. "మీ అక్క చేసిందిరా" అని మొదలుపెడితే చాలు, మిగిలింది అదే వస్తుంది.

భిక్షపతి కూర్చుని ఉన్నాడు. ముఖంలో వాపు దిగింది. సక్కు జొన్న గటక తెచ్చి తినిపించి పోయిందట, గిన్నె ఇంకా అక్కడే ఉంది.

"ఎందుకొచ్చినవ్?"

నోరు తెరిచాను. వాడు చూస్తున్నాడు. మిస్త్రీని చూసినట్టు కాదు, శత్రువును చూసినట్టు. శత్రువును చూసే చూపులో కూడా ఒక గౌరవం ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. కావాలని చేశాడనుకుంటున్నాడు వాడు. చేతకాక చేశాడనుకోవడం లేదు.

"అరటిపండ్లు తెచ్చిన," అన్నాను.

"తీస్కపో."

తెచ్చి దారిలో ఆవుకు పెట్టాను. ఆడదాని పరువు కాపాడానని, అక్కాతమ్ముళ్ళను విడదీయలేకపోయానని రాసుకుంటే ఈ పేజీ బాగుంటుంది. రాసుకుందామనే కూర్చున్నాను.

మార్చి 9

దుకాణంలో బేరాల్లేవు. వచ్చిన ఒక్కడూ, "చైను జర మంచిగ పెట్టు మిస్త్రీ, నీ బామ్మర్దికి పెట్టినట్టు గాదు" అని పళ్ళికిలించాడు. చక్రం మొత్తం మూడుసార్లు తిప్పి చూసి ఇచ్చాను.

మార్చి 16

భిక్షపతి ఇంటికి వచ్చాడట, నేను లేనప్పుడు. నేను తిరిగి వచ్చేసరికి వాడు తిన్న కంచం కడిగి బోర్లించి ఉంది. ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. రాత్రి ఎప్పటిలాగే నూనె తెచ్చింది. కాలు లాక్కున్నాను. నూనె గిన్నె అక్కడే పెట్టి పోయి పడుకుంది. నేనే రాసుకున్నాను. నా చేతికి ఆ చోటు దొరకదు.

మార్చి 28

ఖలాసీ కొలువు ఇంకెవడికో ఇప్పించాడు సేట్. తన అన్న కొడుక్కి. భిక్షపతి ఏడు రోజులు నిండించినా ఆ అన్న కొడుక్కే ఇచ్చేవాడేమో, ఎవరు చెప్పొచ్చారు. మైకులో ఉస్తాద్ అంటానన్నవాడు కదా.

ఆ ఫొటో దుకాణానికి పంపాడు. దండ వేసుకుని నవ్వుతున్నాను. నా వెనక, దూరంగా, సైకిల్ పక్కన సక్కు వంగి ఉంది. చేతిలో పానా.

నెల రోజులు, నేను నిర్దోషినని ఊరికి చూపడానికి రుజువు లేదని ఏడ్చాను. ఇదిగో, సేటే పంపాడు. పానాల డబ్బాలో అడుగున పెట్టాను.

ఏప్రిల్ 15

జల్‌పల్లిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకాయన గేర్ల సైకిల్ తెచ్చాడు. స్ప్రింగు చెయ్యి విరిగిందట, ఒక్కటే గేరు ఉంచి మిగతావి పీకెయ్యమన్నాడు. నా సంగతి తెలియనివాడు. వాకిట్లో పెట్టుకున్నాను. ఒక చేత్తో తిప్పి ఒక చేత్తో నొక్కుతూ అవస్థ పడుతుంటే సక్కు పిలవకుండానే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈ రెండు నెలల్లో మేము దగ్గరగా కూర్చున్నది ఇదే మొదలు.

తిప్పింది. ఒకచోట ఆపి, "ఈడ వదులు," అంది.

నొక్కి చూశాను. వదులే. అయినా మొత్తం ఇంకో చుట్టు తిప్పమన్నాను. తిప్పింది. ఇంకో చుట్టు తిప్పమన్నాను. తిప్పింది.

"కుంకుమ తేవాల్నా?"

"వద్దు."

అప్పుడే వీధిలో భిక్షపతి పోతున్నాడు. చైను ఊడిన సైకిల్ తోసుకుంటూ మా వాకిలి ముందునుంచే పోయాడు. నన్ను చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. పురానాపూల్ దగ్గర ఇంకో మిస్త్రీ ఉన్నాడు, అంత దూరం నడిచే పోతాడన్నమాట. సక్కు పెడలు పట్టుకునే మెడ చాచి, వాడు మలుపు తిరిగేదాకా చూసింది.

"మంచిగ నడుస్తుండు," అంది.

నిజమే. కుంటడం లేదు. నేను పానా ఆమె ముందు పెట్టి, మోకాలు చాపుకుని, రెండో నట్టు ఆమె బిగించడానికి పక్కకు జరిగాను.